శిఖం మీద గుడారం

మొన్నటి డిసెంబరు దాకా నేను సముద్రం చూడలేదు. నాకు యాభై మూడేళ్లు. ఈ మాట చెబితే మేడ్చల్‌లో మా ఆఫీసుకు వచ్చే కుర్రకారు నవ్వుతారు కానీ, మా రావల్‌కోల్‌లో నాలాంటి వాళ్లు ఇంటికొకరు దొరుకుతారు. తిరుపతి నాలుగుసార్లు పోయాను, శ్రీశైలానికి లెక్కలేదు, ఒకసారి షిరిడీ. దేవుడు లేని చోటికి పనిగట్టుకుని పోవడం మా ఇంటా వంటా లేదు. నీళ్లే చూడాలంటే పక్కనే షామీర్‌పేట చెరువుంది. వానలు బాగా పడి అలుగు పారిన ఏడు కుటుంబంతో పోయి చూస్తాం, అక్కడే కాల్చిన మక్క కంకులు తింటాం, చీకటి పడకముందే ఇల్లు చేరతాం. అంతకు మించిన నీళ్లు మనిషికి దేనికని నా అభిప్రాయం.

అలాంటి నేను వీపున సంచి వేసుకుని, కుమ్టా నుంచి గోకర్ణ దాకా, అరేబియా సముద్రం అంచున గుట్టలూ రాళ్లూ ఎక్కి దిగి, రెండు రోజులు నడిచి వచ్చాను. నడిపించింది నా కూతురు.

మేడ్చల్: బేరం

నాది ప్లాట్ల వ్యాపారం. తాతల నాటి భూమిలో సగం నేనే గజాల కింద కోసి అమ్మాను, మిగతా సగంలో ఇప్పటికీ వరి వేయిస్తున్నాను. ముప్పై ఏళ్లుగా ఇదే పని కావడంతో ఎక్కడ నిలబడ్డా నా కళ్లు ఊరుకోవు. ఇది ఎన్ని గజాలు, ఏ ముఖం, దారి ఎటు నుంచి, చెరువుకు ఎంత దూరం అని వాటంతట అవే కొలుస్తుంటాయి. పెళ్లి పందిట్లో అక్షింతలు చేతిలో పట్టుకుని కూడా స్థలం కొలిచిన మనిషినని మా ఇంటామె సుజాత అందరికీ చెబుతుంది. అది నిజమే.

మా ఒక్కగానొక్క కూతురు నిఖిత దుండిగల్ దగ్గర కాలేజీలో డిగ్రీ చేసింది. ఆ చదువు పూర్తవుతుండగానే షామీర్‌పేట అవతల ఒక మందుల కంపెనీలో తెలిసినాయనను పట్టుకుని ల్యాబులో ఉద్యోగం ఖాయం చేశాను. మూడేళ్లు గండిమైసమ్మ చౌరస్తాలో షేర్ ఆటోల కోసం నిలబడి చదువుకున్న పిల్లకు, చేరితే చాలు, కంపెనీ బస్సు ఇంటి ముందుకే వస్తుంది. ఇంతకంటే ఏం కావాలి?

ఆమెకు కావలసింది వేరే ఉంది. నాకు చెప్పకుండా పరీక్ష రాసి, కర్ణాటక తీరంలో ఒక కాలేజీలో సముద్ర జీవుల గురించిన రెండేళ్ల చదువుకు సీటు తెచ్చుకుంది. జనవరిలో చేరాలి.

"చేపల చదువా?" అన్నాను.

"చేపలొక్కటే కాదు బాపూ. పీతలు, ఆల్చిప్పలు, నాచు, నీళ్లు, అన్ని."

"నీళ్లల్ల ఏం జదువుతవ్ బిడ్డా? నీళ్లను నమ్మొద్దు. ఏటేటా గా చెరువుల ఎవడో ఒకడు పడి పోతనే ఉంటడు."

పది రోజులు ఇంట్లో ఇదే రామాయణం. సుజాత ఎటూ తేల్చలేదు. "ఇద్దరి మాట మంచిగనే ఉన్నది. మీరే తేల్సుకోండ్రి. అన్నమైతే సల్లగైతాంది" అని వంటింట్లోకి పోయేది. చివరికి నిఖితే బేరం పెట్టింది.

"బాపూ, నువ్వు సముద్రమే సూడలే. సూడకుంట వద్దంటున్నవ్. రెండు రోజులు దాని పొంటి నాతోని నడువు. అటెన్క నువ్వు వద్దంటే వద్దు. సోమవారం కంపెనీ బస్సెక్కుత. మళ్ల అడగ."

వెంటనే సరే అన్నాను. రెండు రోజుల నడకతో రెండేళ్ల పరేషాన్ తప్పుతుందంటే మా వ్యాపారంలో దాన్ని మంచి బేరమే అంటారు. ఒక సంగతి దాచకుండా చెప్పాలి. బయలుదేరకముందే నేను "వద్దు" అనాలని నిర్ణయించుకున్నాను. కంపెనీ ఆయనకు ఫోన్ చేసి పిల్ల సోమవారం వస్తుందని కూడా చెప్పేశాను. నడవడం మాట వరసకే.

సుజాత సర్దిన నా సంచిని నిఖిత నడింట్లో కుమ్మరించి సగం తీసేసింది. మూడు తువ్వాళ్లలో రెండు పోయాయి, ఇస్త్రీ చొక్కా పోయింది, ఊరగాయ సీసా పోయింది. సర్వపిండి డబ్బాను మాత్రం నేను వదల్లేదు. అలవాటు కొద్దీ వేసుకున్న కొలత టేపు బయటపడితే పిల్ల నా మొహం చూసింది.

"టేపెందుకు బాపూ? సముద్రాన్ని ప్లాట్లు జేస్తవా?"

"ఉండనీ. అదేమన్న అన్నమడుగుతదా?" అన్నాను.

కుమ్టా: అవతలి గట్టు లేని నీళ్లు

బస్సు దిగి చాయ్ తాగి, కొబ్బరి తోటల మధ్య నుంచి ఎర్రరాతి గుట్ట ఎక్కాం. ఆ రాయి మన మొరానికి పెద్దన్న. దాన్నే ఇటుకల్లా కోసి అక్కడ ఇళ్లు కడతారు. పది నిమిషాలకే నా ఊపిరి కొలిమితిత్తి అయింది. పైకి చేరి తలెత్తితే ఎదురుగా సముద్రం.

సముద్రం చూడగానే అందరూ ఆహా అంటారట. నాకు భయం వేసింది. ఎంత పెద్ద చెరువుకైనా అవతలి గట్టు ఉంటుంది. అక్కడ ఎవరిదో పొలమో, గుడో, వెంచర్ బోర్డో కనిపిస్తుంది. ఇక్కడ అవతల ఏమీ లేదు. కొలవడానికి పోయిన నా కళ్లు ఎక్కడా ఆగలేక తిరిగి వచ్చాయి. బండను పట్టుకుని కాసేపు కూర్చున్నాను. నిఖిత నీళ్ల సీసా అందించింది.

గుట్ట మీద ఒక ముసలమ్మ ఎండుగడ్డి కోస్తోంది. మెడలో పూసల దండలు ఒకటీ రెండూ కాదు, గడ్డం కింది నుంచి రొమ్ముల దాకా కప్పేసేన్ని ఉన్నాయి. మమ్మల్ని చూసి "ఊట ఆయ్తా?" అంది. తిన్నారా అని. ముక్కూ మొహం తెలియని వాళ్లను మొదట అడిగే మాట అది కావడం నాకు నచ్చింది. మా ఊళ్లోనూ ఒకప్పుడు అదే అడిగేవారు. ఇప్పుడు ఎవరు ఎదురైనా "గజం ఎంత నడుస్తాంది?" అంటారు. ఆ అలవాటు చేసిన వాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి ఎక్కువ మాట్లాడను.

ఆమెకు ఒక సర్వపిండి ముక్క పెట్టాను. కొరికి, కళ్లు పెద్దవి చేసి, "ఖార!" అని నవ్వింది. బదులుగా కొంగుముడి విప్పి ఎండబెట్టిన ఏవో నల్లని తొక్కలు చేతిలో పెట్టింది. నోట్లో వేసుకుంటే దవడలు రెండూ కలుసుకున్నాయి. వాళ్లు చేపల పులుసులో చింతపండుకు బదులు దాన్నే వేస్తారని తర్వాత తెలిసింది.

గుట్ట దిగాక ఒక కొట్టులో కొబ్బరిబొండాం నలభై రూపాయలన్నాడు. మేడ్చల్‌లో అరవై అయినా నోరు మూసుకుని ఇస్తాను కానీ, ఇక్కడ చెట్టు నీడలోనే కూర్చుని అమ్ముతున్నాడు కదా. నాకొచ్చిన హైదరాబాదు హిందీలో బేరానికి దిగాను. కొట్టాయన కత్తి నా చేతికిచ్చి చెట్టు పైకి చూపించాడు. "చడ్ జావ్ సాబ్, ఫ్రీ." ఎక్కితే ఉచితమట. నలభై ఇచ్చి తాగాను. నిఖిత ఆ తర్వాత అరగంట దాకా నవ్వుతూనే ఉంది.

నిర్వాణ తీరం: నా నలభై ఏళ్ల అనుభవం

అక్కడి నుంచి దారి అంటే దారి కాదు. ఒకచోట ముళ్లపొదల మధ్య సన్నని బాట, ఒకచోట అలలు కొట్టే రాళ్ల మీద కోతిలా పాకడం. నా మోకాళ్లు రెండూ ఒకదానితో ఒకటి పోటీపడి నొప్పి పెట్టాయి. నిఖితకు మాత్రం రాళ్ల మధ్య నీళ్లు నిలిచిన ప్రతి గుంట దగ్గరా పని ఉంది. ఒక గుంటలో పువ్వులాంటిది చూపించి తాకమంది. తాకితే ఆ రేకులు నా వేలిని పట్టుకుని మెల్లగా ముడుచుకున్నాయి. నేను కెవ్వుమన్నాను.

"పువ్వు కాదు బాపూ. గది జంతువు. నువ్వు తిండివనుకుంటాంది."

మధ్యాహ్నం రెండింటికి నిర్వాణ తీరం చేరాం. పొడవైన ఇసుక, వెనక సరుగుడు తోపు, మనుషులు పెద్దగా లేరు. నీళ్లు ఎక్కడో దూరంగా ఉన్నాయి. పెద్ద బండ నీడలో నేల సాఫుగా, గట్టిగా, రోలరు తిప్పినట్టు ఉంది. చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. నిఖిత మోసుకొచ్చిన డేరా రాత్రికి వేయడానికి ఇంతకంటే మంచి జాగా ఉండదు.

మా వైపు చెరువుల సంగతి తెలియని వారికి ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. ఎండాకాలం చెరువు నీళ్లు వెనక్కి పోతే బయటపడే నేలను శిఖం అంటాం. సర్కారు లెక్కలో అది చెరువుదే. కానీ ఒకసారి నీళ్లు వదిలి పోయాయంటే మళ్లీ వానలు పడేదాకా రావు. ఆ నాలుగు నెలలూ శిఖంలో దోసకాయలు పండిస్తారు, బర్రెలు మేస్తాయి, పిల్లలు క్రికెట్ ఆడతారు. గుండె ధైర్యమున్నవాడు రాత్రికి రాత్రి గోడ కూడా లేపుతాడు. అందుకని నీళ్లు వదిలిన నేల ఎక్కడ కనిపించినా మావాళ్ల కంటికి అది ఖాళీ జాగాయే.

"ఈడనే వేద్దాం డేరా" అన్నాను.

"వద్దు బాపూ. పైన చెట్ల కాడికి పోదాం పా. గిది నీళ్ల జాగ."

"నీళ్ల జాగైతే నీళ్లేవి? గాడెక్కడనో ఉన్నయ్. నలభై ఏండ్ల సంది చెరువులు సూస్తున్న, నాకు ఎఫ్‌టీఎల్ నేర్పుతవా?"

ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు. ఆ హద్దురాళ్లకు ఇటూ అటూ తిరిగే నేను ఇల్లు కట్టుకున్నాను, కారు కొన్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని నిఖితకు తెలుసు. వాదించలేదు. ఒక ఎండుకట్టె తెచ్చి నీళ్ల అంచున గుచ్చింది. "గిది జర సూస్తుండు" అని చెప్పి తన సంచి మాత్రం పైకి మోసుకుపోయి చెట్టు మొదట్లో పెట్టింది.

నేను టేపు తీశాను. డేరా జాగా నుంచి నీళ్ల వైపు ముప్పై మీటర్ల టేపు మూడుసార్లు పరిచినా నీళ్లు అందలేదు. నా మాట నెగ్గినందుకు సంతోషించి, వాస్తు ప్రకారం గుమ్మం తూర్పుకు ఉండేలా డేరా వేయించాను. సముద్రం పడమటి వైపు. అంటే డేరా వీపు సముద్రానికి. ఆ గుమ్మంలో తలపెట్టి హాయిగా ఒక కునుకు తీశాను. నాలుగింటికి లేచి చూస్తే నిఖిత గుచ్చిన కట్టె కనిపించలేదు. గాలికి పడిపోయి ఉంటుందిలే అనుకున్నాను.

నాగవేణి గుడిసె

తోపు వెనక ఒక తాటాకుల గుడిసె ఉంది. నడకకు వచ్చిన వాళ్లకు అన్నం వండి పెడతారు. వండే ఆమె పేరు నాగవేణి, ఆమె భర్త గణపతి చేపలు పడతాడు. నిఖిత ఫోన్‌లో చూసి నేర్చుకున్న కన్నడంతో ఆమెను అక్కా అక్కా అంటూ వంటింట్లోకే పోయి కూర్చుంది. నేను బయట బల్ల మీద, వల బాగుచేస్తున్న గణపతి పక్కన కూర్చున్నాను.

మా ఇంట్లో చేప అంటే రవ్వ, బొచ్చె, పండగలాంటి రోజు కొర్రమీను. సముద్రపు చేప నీచు వాసన అని మా అవ్వ చెప్పిన మాటను నేను యాభై మూడేళ్లు నమ్మాను. నాగవేణి విస్తరిలో లావుపాటి ఎర్ర బియ్యం అన్నం పోసి, దాని మీద కొబ్బరి ముద్దతో వండిన బంగడె చేపల పులుసు వేసింది. మొదటి ముద్ద అనుమానంతో తిన్నాను. రెండోసారి అన్నం అడిగేటప్పుడు సిగ్గనిపించలేదు. భోజనం నూట యాభై. బేరమాడలేదని నిఖిత ఆశ్చర్యపోయింది.

పొద్దు గుంకుతుండగా గణపతి మాట వరసకు అడిగాడు, డేరా ఎక్కడ వేశారని.

"నీచే. వో బడే పత్థర్ కే పాస్" అన్నాను గొప్పగా. కింద, ఆ పెద్ద బండ దగ్గరని.

అతను వల కింద పడేసి లేచాడు. తోపులోంచి పరిగెత్తాడు. వెనక నిఖిత, ఆ వెనక నేను.

నా శిఖం లేదు. బండ సగం దాకా నీళ్లున్నాయి. డేరా ఒక పక్కకు ఒరిగి, గాలి నిండిన గోనెసంచిలా ఊగుతోంది. నా సంచి దానికి పది అడుగుల అవతల తేలుతోంది. ముందూ వెనకా చూడకుండా నీళ్లలోకి దూకబోయాను.

"బాపూ, నువ్వు రాకు!" అని అరిచింది నిఖిత.

నా మీద ఆమె ఎప్పుడూ అలా అరవలేదు. ఉన్నచోటే ఆగిపోయాను. ఆమె మోకాలి లోతులో నిలబడి కదలకుండా చూస్తోంది. ఒక అల వచ్చి పోయింది. ఇంకొకటి వచ్చింది, అదీ పోయింది. ఎందుకు ఆగుతోందో నాకు అర్థం కాలేదు. మూడో పెద్ద అల విరిగి, నీళ్లు మెత్తబడిన క్షణం చూసుకుని నాలుగు అంగల్లో పోయి సంచి పట్టుకుని, వెనక నుంచి వచ్చే అలతో పాటే ఒడ్డుకు వచ్చేసింది. గణపతి డేరా లాగాడు. మొత్తం ఒక నిమిషం పట్టిందేమో. నేను ఒడ్డున రెండు చేతులూ చాచి బొమ్మలా నిలబడ్డాను.

పోయినవి ఒక కాలి బూటు, కొలత టేపు. సర్వపిండి మళ్లీ పిండి అయింది.

గణపతి పెద్ద మనసుతో నవ్వు ఆపుకుని, "దిన్ మే దో బార్ భర్తా సాబ్, హమారా తాలాబ్" అన్నాడు. మా చెరువు రోజుకు రెండుసార్లు నిండుతుందని. మా దగ్గర చెరువు నిండితే డప్పులు కొట్టి, పసుపు కుంకుమలు చల్లి, కొబ్బరికాయలు కొట్టి, లీడర్లు ఫొటోలు దిగుతారు. ఇక్కడ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అదే పని జరుగుతుంటే పట్టించుకునే వాడు లేడు.

ఆ రాత్రి వాళ్ల వాకిట్లోనే చాప వేసుకుని పడుకున్నాం. "నేను చెప్పిన గద" అని నిఖిత ఒక్కసారి కూడా అనలేదు. మా వంశంలో ఆ గుణం ఎవరికీ లేదు, ఎక్కడి నుంచి వచ్చిందో. అంటే బాగుండునని ఎదురుచూస్తూనే నిద్రపోయాను.

అఘనాశిని: ఉప్పునీటి వరి

మర్నాడు గణపతి పాత రబ్బరు చెప్పులు వేసుకుని నడిచాను. డబ్బులిస్తే తీసుకోలేదు. అఘనాశిని అనే నది సముద్రంలో కలిసే చోట అదే పేరుతో ఊరుంది, అక్కడ పడవ ఎక్కి అవతలి ఒడ్డుకు పోవాలి. పడవకు తొందర లేదని నిఖిత నన్ను నది పాయల వెంట తిప్పింది.

అక్కడ నేను నమ్మలేనిది చూశాను. ఉప్పునీళ్లలో వరి పండిస్తారు. కోత అయిపోయింది, మళ్లలో ఇప్పుడు రొయ్యలున్నాయి, కానీ గట్టు మీద ఒక పెద్దాయన గింజలు తెచ్చి చూపించాడు. కగ్గ అంటారట. దోసిట్లో పోసుకుని వాసన చూశాను. మా పొలంలో బోరు నీళ్లు కొంచెం ఉప్పగా ఉంటేనే వరి ఎండిపోతుందని గోల చేస్తాం. ఇది మెడ దాకా ఉప్పునీళ్లలో మునిగి కూడా నిలబడుతుందట. ఆ గింజలు తిరిగి ఇవ్వబుద్ధి కాలేదు. పెద్దాయన కనిపెట్టి, ఒక పిడికెడు నా రుమాల్లో కట్టించాడు.

కట్టకు చెక్కతో చేసిన తూములున్నాయి. సముద్రం పొంగే వేళకు మూస్తారు, తగ్గే వేళకు తెరుస్తారు. మా ఊరి చెరువుకు నీరటి ఉండేవాడు, తూము తీయడం మూయడం ఆయన పని, పంట కాలం అయిపోతే ఆయనకు తీరికే. ఇక్కడి వాళ్లకు తీరిక లేదు. వేళ ఎలా తెలుస్తుందని అడిగితే పెద్దాయన ఆకాశం వైపు వేలు చూపించి తిథి చెప్పాడు. ఆ రోజు ఏకాదశి. నేనూ తిథులు చూసే మనిషినే. అమావాస్య నాడు రిజిస్ట్రేషన్ పెట్టుకోను. నాకు తిథితో ఉన్న పని అంతే.

"ఇయాల రెండింటికి నీళ్లు ఆగుతయి బాపూ. అటెన్క తిరుగుతయి. రోజుకు ముప్పావుగంట ఎనక్కి జరుగుతది" అంది నిఖిత. పెద్దాయన ఆమెకేసి చూసి తలూపాడు.

నది మధ్యలో నీళ్లు తగ్గి ఇసుక తిన్నెలు తేలాయి. ఆడవాళ్లు పది పన్నెండు మంది నడుము లోతులో నిలబడి, కాళ్లతో బురదలో తడిమి ఆల్చిప్పలు ఏరుతున్నారు. అడుగున ఉన్నది చిప్పో రాయో పాదానికే తెలుస్తుందట. నిఖిత చెప్పులు విడిచి వాళ్లలో కలిసిపోయింది. నేను గట్టు మీద నిలబడి "గంత దూరం పోకు బిడ్డా" అని రెండుసార్లు అరిచాను. ఎవరూ పట్టించుకోకపోతే మూడోసారి మానేశాను.

వాళ్లలో అందరికంటే పెద్దామెను లక్ష్మజ్జి అంటున్నారు. అజ్జి అంటే వాళ్లకు అవ్వ. ఆమె చిన్న చిప్పలను మళ్లీ నీళ్లలోనే వేస్తోంది. నిఖితను చూసి ఏం చదువుతున్నావని అడిగింది. పిల్ల చెప్పింది. అప్పుడు లక్ష్మజ్జి బుట్ట పక్కనపెట్టి, సూటిగా ఒక ప్రశ్న వేసింది. పక్కనున్న కోడలు నాకోసం హిందీలో చెప్పింది. రెండేళ్లుగా పై పాయలో చిప్పలు నోరు తెరుచుకుని చచ్చి తేలుతున్నాయట. ఎందుకు?

అందరూ పని ఆపి నా కూతురి వైపు చూశారు. ఏదో ఒకటి చెప్పు బిడ్డా అనుకున్నాను. వర్షాలను, ఎండలను, ఎవరినో ఒకరిని అను. నన్ను ఎవరైనా అడిగితే తెలియదని నేను ఇప్పటిదాకా అనలేదు. రింగురోడ్డు ఎంత దూరమంటే రెండు నిమిషాలంటాను, నీళ్లు పడతాయా అంటే రెండు వందల అడుగులకే అంటాను. తెలియదన్నవాడి దగ్గర ప్లాటు ఎవడు కొంటాడు?

నిఖిత ఒక చిప్పను అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"గొత్తిల్ల అజ్జీ" అంది. తెలియదు అవ్వా. "ఓది బందు హేళ్తీని." చదువుకుని వచ్చి చెబుతాను.

లక్ష్మజ్జి నవ్వలేదు, పెదవి విరవలేదు. తన బుట్టలోంచి రెండు దోసిళ్ల చిప్పలు తీసి నిఖిత చున్నీలో పోసింది. "బేగ బా" అంది. తొందరగా రా అని.

నాకు కళ్లు తడి అయ్యాయి. ఎండ అని చెప్పుకోవచ్చు, కానీ కాదు. నేను ఇంట్లో పది రోజులు కొట్లాడింది ఒక పిల్ల సరదాతో అనుకున్నాను. ఇక్కడ ఒక ముసలామెకు ఆ చదువుతో పనుంది. రెండు దాటాక నీళ్లు నిజంగానే ఆగాయి, ఒక ఎండుటాకు అటూ ఇటూ పోకుండా ఉన్నచోటే తిరిగింది. కాసేపటికి అది సముద్రం వైపు నుంచి నది పైకి కదిలింది. ఆడవాళ్లు బుట్టలు నెత్తిన పెట్టుకుని ఒడ్డుకు వచ్చేశారు. వాళ్లను ఎవరూ పిలవలేదు.

గోకర్ణ వైపు: చివరి గుట్ట

పడవ దాటాక మళ్లీ గుట్టలు, రాళ్లు, చిన్న చిన్న ఇసుక తీరాలు. ఒకచోట రాళ్ల కింది నుంచి పోతే దగ్గర, గుట్ట ఎక్కితే దూరం. ముందురోజైతే నేను దగ్గరి దారే అనేవాణ్ణి. ఆగి "ఎటు పోదాం బిడ్డా?" అని అడిగాను. నీళ్లను చూసి "పైకెళ్లి పోదాం" అంది. మోకాళ్లు తిట్టుకున్నా గుట్టే ఎక్కాను. గణపతి చెప్పుల్లో ఒకటి అక్కడే తెగింది, దాన్ని కొబ్బరి పీచుతో కట్టుకుని నడిచాను.

చివరి గుట్ట మీదికి వచ్చేసరికి పొద్దు సముద్రానికి మూరెడు ఎత్తులో ఉంది. కింద గోకర్ణ వైపు తీరాలు, వాటి మీద చీమల్లా మనుషులు. అరగంట నడిస్తే ప్రయాణం అయిపోతుంది. రెండు రోజులూ అయిపోతాయి. నిఖిత బండ మీద కూర్చుని కాళ్లకు అంటిన బురద గీక్కుంటోంది. అడుగుతుందని చూశాను. అడగలేదు.

"ఏం బిడ్డా, ఏం అడుగుతలేవు?"

"మళ్ల అడగ అన్న గద బాపూ."

నేను కూడా కూర్చున్నాను. "పో. సదువుకో పో" అన్నాను.

ఎగిరి గంతేస్తుందనుకున్నాను. నా మొహంలోకి చూసి, "నిజంగనా బాపూ?" అని, మోకాళ్ల మధ్య తలపెట్టుకుని ఏడ్చింది. ఆమె అలా ఏడ్వడం చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు చూశాను. వీపు మీద చెయ్యి వేశాను. కంపెనీ ఆయనకు ఏం చెప్పాలో అప్పటికి ఆలోచించలేదు. తర్వాత చెప్పుకుంటే నాలుగు మాటలన్నాడు, పడ్డాను.

కొంచెం తేరుకున్నాక, నవ్విద్దామని అడిగాను. "ఒకేళ నేను వద్దంటే ఏం జేస్తుంటివి? ఎట్లనన్న పోతుంటివి గద? నిజం జెప్పు, నేనేమనుకోను."

ఆమె ముక్కు తుడుచుకుని తల అడ్డంగా ఊపింది.

"పోకపోతుంటి బాపూ. సోమవారం కంపెనీ బస్సెక్కుతుంటి. మాటిచ్చిన గద."

నా బిడ్డ సరదాకు అనలేదు. ఆ కళ్లు చూస్తే తెలుస్తుంది. పొద్దు గుంకే దాకా నేను ఆ బండ మీది నుంచి లేవలేకపోయాను. కాళ్ల నొప్పులని చెప్పాను, ఆమె నమ్మింది.

ఇప్పుడు ఆమె ఆ తీరంలోనే చదువుకుంటోంది. ఆదివారం ఫోన్ చేసినప్పుడు మొదట తిన్నావా అని అడుగుతాను, తర్వాత నీళ్లెప్పుడు తిరుగుతాయని అడుగుతాను. అన్నీ చెప్పుకుంటాం. బయలుదేరకముందే నేను వద్దనుకున్న సంగతి మాత్రం ఇంతవరకు ఆమెకు చెప్పలేదు. తను తన రెండేళ్లనూ నా ఒక్క మాట మీద పెట్టి నడిచింది, నేను ఆ మాటను ఇంట్లోనే ఖాయం చేసుకుని నడిచాను. ఎదురుగా చెప్పే ధైర్యం లేక ఇక్కడ రాశాను. చదువుతుందని తెలుసు.